పుష్పవల్లి మడత

బుట్ట సగం నిండేసరికి బడి మీద కట్టిన మైకు గరగరలాడింది. పుష్పవల్లి చేతులు ఆగలేదు. కాగితం మీద చిటికెడు విభూతి పడింది. బొటనవేలు కింది అంచును పైకి తోసింది, చూపుడువేలు రెండు పక్కలను లోపలికి లాగింది, మిగిలిన కొస వెనక్కి తిరిగి తన పొట్ట కిందికే దూరిపోయింది. పొట్లం బుట్టలో పడింది. ఆమె చెవులు మాత్రం బడి దగ్గరే ఉన్నాయి.

మైకులో ఎవరో రెండుసార్లు ఊదారు. "ఒణ్ణు, రెండు, మూణు" అన్నారు. మళ్ళీ ఏమీ లేదు.

"మన ఊరి ఓట్ల లెక్క ఇంకా రాలేదులే అక్కా," అంది ఎదురుగా కూర్చుని పొట్లాలు కడుతున్న అలిమేలమ్మ. "అప్పుడే మొగం అట్ల పెట్టుకుంటే సాయంత్రానికి ఇంకేం మొగం మిగలతాది నీకు?"

"నా మొగం ఎట్లుంటే ఏమిలే. లోపల వాడుండాడు."

"ఉంటే? లోపలేమన్నా పులులుండాయా? బెంచీలుండాయి, ఆఫీసర్లుండారు. మీవోడు చొక్కా దోపుకొని, జేబుకి పాసు గుచ్చుకొని పోతా ఉంటే పెండ్లికొడుకు మాదిరి ఉండినాడు."

పెండ్లికొడుకు అన్న మాట పుష్పవల్లికి నచ్చలేదు. మంచి మాట మీద దిష్టి తొందరగా కూర్చుంటుంది. చిటికెడు విభూతి తీసి బడి వైపు ఊది, మళ్ళీ కాగితం అందుకుంది.

తిరుత్తణి మురుగన్ కొండ మెట్ల మొదట జనార్ధనం శెట్టి పూజసామాన్ల అంగడి ఉంది. దాని వెనక వరండాలో ఆమె కూర్చునే చోట గచ్చు నున్నబడి కొంచెం గుంట పడింది. పద్నాలుగేళ్ళుగా అదే చోటు. వయసు నలభై ఆరు. మనిషి సన్నగా, వంగిన వెదురుబద్దలా ఉంటుంది. మోచేతుల దాకా విభూతి దుమ్ము. సాయంత్రం ఎంత రుద్ది కడుక్కున్నా గోళ్ళ చుట్టూ తెల్లగీత పోదు. కాగితం రాపిడికి బొటనవేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయాయి. రేషను కార్డుకు వేలిముద్ర తీసుకునే గుమాస్తా మూడుసార్లు ఒత్తించి, "ఏమ్మా, నీకు రేఖలే లేవే" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. రేఖలు లేనివాళ్ళ బిడ్డలకు ఏమవుతుందోనని ఆమె వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆమె ఊరు ఎర్రమిట్ట. తిరుత్తణికి ఆరు మైళ్ళు, పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఆ ఊరి ఆడవాళ్ళు ఏడెనిమిది మంది కొండ కింది అంగళ్ళకు పొట్లాలు కడతారు. అందరివీ మూడు మడతలు, పుష్పవల్లిది నాలుగు. పనిలో చేరిన మొదటి ఏడు ఎవరో పెద్దాయన తిరిగొచ్చి, పొట్లం బస్సులో విచ్చుకుని విభూతంతా కిందపడిందని, జనం తొక్కుకుంటూ పోయారని శెట్టితో చెప్పి పోయాడు. అది కట్టిన చెయ్యి తనదేనేమోనని పుష్పవల్లి హడలిపోయింది. దేవుడి విభూతిని తొక్కినవాళ్ళ పాపం ఎవరికి చుట్టుకుంటుంది? ఆ రోజు నుంచే కొసను వెనక్కి తిప్పి లోపలికి దోపడం మొదలుపెట్టింది. అలా దోపిన పొట్లం గోటితో కొస ఎత్తితే తప్ప విచ్చుకోదు.

"ఇంత బందోబస్తు చేసినావే, ఒక తాళం కూడా వేసేస్తే పోలేదా?" అని శెట్టి ఎగతాళి చేసేవాడు. కానీ దూరాభారం పోయేవాళ్ళు వస్తే ఆమె బుట్టలోంచే తీసి ఇచ్చేవాడు.

ఈ నెలంతా పొట్లాలకు ఎలక్షన్ నోటీసులే కాగితం. పదహారేళ్ళ తర్వాత పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఎర్రమిట్ట ప్రెసిడెంటు పదవికి ఇద్దరు నిలబడ్డారు. గొడుగు గుర్తు రాజమాణిక్యం, తక్కెడ గుర్తు శివప్రకాశం. ఇద్దరూ అవసరానికి మూడింతలు నోటీసులు అచ్చు వేయించారు. మిగిలినవి కట్టలకొద్దీ శెట్టి అంగడికి చేరాయి. పొద్దుటినుంచి పుష్పవల్లి చేతుల్లో గొడుగు ఒకసారి, తక్కెడ ఒకసారి విభూతి కింద మడతపడిపోతున్నాయి.

ఆమె కొడుకు జయరామ్ రాజమాణిక్యం జీపు నడుపుతాడు. ఈ రోజు ఆయన తరఫున కౌంటింగ్ ఏజెంటు. పొద్దున బస్సు దిగి బడి గేటు దాకా ఇద్దరూ కలిసే నడిచారు. ఆమె చెయ్యి వాడి చొక్కా అంచు పట్టుకునే ఉంది.

"వదులు మా. నలుగురూ చూస్తా ఉండారు."

"చూడనీలే. గొడవ వస్తే నువ్వు బల్లకింద దూరిపో. మాటకి మాట చెప్పొద్దు."

"లోపల పోలీసోళ్ళు ఉంటారు మా. కొట్టుకునేది బయటోళ్ళు."

"ఎప్పటికైనా బయటికి వస్తావు గదా నాయనా."

వాడు నవ్వి, చొక్కా అంచు విడిపించుకుని పోయాడు. వాడికి ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళ నాయన పోయినప్పుడు ఎనిమిది.

వాళ్ళ నాయన వరదరాజులుకు ఏ పార్టీ లేదు. పెట్రోమాక్సు లైట్లు బాడుగకు మోసేవాడు. పెండ్లికి మోసేవాడు, ఉత్సవానికి మోసేవాడు. పదహారేళ్ళ కిందటి పంచాయతీ ఎలక్షన్లో గెలిచినవాళ్ళు ఊరేగింపు తీస్తే లైటు నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. ఓడినవాళ్ళు వాళ్ళను మేళాలతో తమ వీధిలోకి రానిస్తారా? రైసుమిల్లు మలుపు దగ్గర రాళ్ళు పడ్డాయి. చీకట్లో రాయి విసిరేవాడికి కనిపించేది లైటు ఒక్కటే. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో మూడు రోజులు ఉన్నాడు. చూడవచ్చిన వాళ్ళందరూ ఒకటే మాట అన్నారు. "పాపం, గెలిచిన పక్కనే ఉండినాడే."

ఆ మాట పుష్పవల్లి లోపల పదహారేళ్ళుగా ఉండిపోయింది. గెలిచిన పక్కకే రాళ్ళు పడతాయి. ఓడినవాళ్ళు తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంటారు. వాళ్ళకు ఏమీ కాదు.

నెలరోజుల నుంచి జయరామ్ ఒకటే పాట. "గెలిస్తే జీపుకి పూలు కట్టి నేనే ముందర తోలతా. రైసుమిల్లు వీధిలో గంటసేపు నిలబెడతా. చూద్దాం ఎవురొస్తారో." ఆమె వినేది. కంచంలో అన్నం పెట్టేది.

నిన్న ఓటు వేసింది. వేలికి ఇంకు పూసినాయన కాగితం ఇచ్చి, ముద్ర ఆరాక నిలువుగా మడవాలని చేత్తో చూపించాడు. ఆమె తల ఊపింది. అట్ట మరుగున నిలబడి కాగితం చూసింది. గొడుగు, తక్కెడ. రాజమాణిక్యం మంచివాడే. జీపు నేర్పించాడు, కామెర్లొచ్చి పడుకున్నప్పుడు జయరామ్‌ని తన ఇంట్లో పెట్టుకుని చూశాడు. శివప్రకాశం మంచో చెడో ఆమెకు తెలియదు. రైసుమిల్లు వీధి వాడని మాత్రమే తెలుసు. ఓడిపోతే ఏమవుతుంది? వాడు నాలుగు రోజులు మొగం వేలాడదీసుకుంటాడు. వేలాడితే వేలాడనీ, మెడ మీద ఉంటుంది గదా.

ముద్ర తక్కెడ మీద వేసింది. తర్వాత కాగితం ఎట్లా మడిచిందో, పెట్టెలో ఎట్లా పడిందో ఆమెకు గుర్తులేదు. చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. ఇంటికి పోయేదారిలో రెండు చేతులతో చెంపలు వేసుకుంది. రాజమాణిక్యం భార్య ఎదురై "ఓటు పడిందా వదినా?" అంటే "పడింది తల్లీ" అంది.

పదిన్నరకు మైకు ఎర్రమిట్ట పేరు చెప్పింది.

ముందు అరవంలో ఏదో వరసగా చదివారు. తర్వాత అంకెలు వచ్చాయి. గొడుగు రెండొందల పద్నాలుగు. తక్కెడ నూటతొంభై ఐదు.

అంగడి ముందు నిలబడినవాళ్ళు కేకలు పెట్టారు. అలిమేలమ్మ ఒళ్ళోంచి కాగితాలు జారిపోయాయి. "చూస్తివా అక్కా, పంతొమ్మిది ఎక్కువ! మీవోడు ఈ రోజు జీపు నేల మీద తోలడు."

పుష్పవల్లి చేతిలోని కాగితం కింద పెట్టింది. పంతొమ్మిది. పూలు కట్టిన జీపు కనిపించింది. దాని ముందు అద్దం పగిలి కనిపించింది. స్టీరింగు మీద వాలిన తల కనిపించింది. ఆ తల వెంట్రుకలకు పొద్దున తనే నూనె రాసింది. కొండ వైపు చూడకుండానే మనసులో మొక్కుకుంది. ఏమని మొక్కుకోవాలి? కొడుకు ఓడిపోవాలని ఏ తల్లి మొక్కుకుంటుంది? "నువ్వే చూసుకో సామీ" అని ఊరుకుంది.

జనార్ధనం శెట్టి లోపల్నుంచి తొంగిచూశాడు. బట్టతల, చెవిలో పెన్సిలు. "ఏం పుష్పవల్లీ, రేపట్నుంచి ప్రెసిడెంటు జీపులో వస్తావా పనికి?"

"నాకేల అన్నా జీపు. బస్సు చాలు."

రెండో విడతకు తేడా ఏడుకు దిగింది. గొడుగు నాలుగొందల ముప్పై ఒకటి, తక్కెడ నాలుగొందల ఇరవై నాలుగు. కేకలు తగ్గాయి. బడి గోడ పొడుగునా రెండు గుంపులు విడివిడిగా నిలబడ్డాయి. మధ్యలో ఒక సోడాబండి తప్ప ఎవరూ లేరు. కాసేపటికి సోడాబండివాడు కూడా బండి తోసుకుని పక్కకు పోయాడు. పుష్పవల్లి అటే చూసింది. సోడాసీసాలు ఎటు ఎగురుతాయో వాడికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?

ఆ తర్వాత మైకు పలకలేదు.

అరగంట అయింది, ముప్పావుగంట అయింది. మెట్లెక్కి పోయినవాళ్ళు గుండుతో దిగివస్తున్నారు. గుండుకు రాసుకున్న గంధం ఎండకు ఆరి పగులుతోంది. పోలీసు వ్యాను ఒకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి బడి ముందు ఆగింది. నలుగురు దిగారు. వాళ్ళ చేతుల్లో లాఠీలు చూసి పుష్పవల్లి లేచి నిలబడింది. ఒళ్ళోని విభూతి పళ్ళెం బోర్లాపడింది. పద్నాలుగేళ్ళలో ఆమె చేతి నుంచి విభూతి నేలపాలు కావడం అదే మొదటిసారి.

"యాడికి?" అంది అలిమేలమ్మ.

ఆమె కొంగుతో విభూతిని గబగబ ఒక పక్కకు చేర్చి, ఎవరూ తొక్కకుండా దాని మీద ఖాళీ బుట్ట ఒకటి బోర్లించి, రోడ్డు దాటి బడి గేటు దగ్గరికి పోయింది. గేటు దగ్గర లావుపాటి కానిస్టేబులు లోపలికి పోకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉళ్ళే పోగ కూడాదు మా."

"మా బిడ్డ లోపల ఉండాడు సామీ. ఏమన్నా అయిందా? దెబ్బలు తగిలినాయా?"

అతనికి తెలుగు వచ్చు. ఆమె మొగం చూసి గొంతు తగ్గించాడు. "ఏం కాలేదు మా. ఇద్దరికీ సరిసమానంగా వచ్చినాయి. ఒక్క ఓటు దగ్గర ఆగిపోయి ఉంది. దానికే గొడవ. పో, పోయి నీ పని చూసుకో."

గేటు కమ్మీల మధ్య నుంచి బడి కిటికీ కనిపిస్తోంది. లోపల తలలు గుంపుగా ఒకచోట చేరి ఉన్నాయి. కళ్ళద్దాల ఆఫీసరు ఏదో కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. పుష్పవల్లి ఆ కాగితాన్ని చూడలేదు. దాని పక్కన తెల్లచొక్కా భుజం ఉంది. ఆ భుజం కదిలింది. మెడ ఉంది. మెడ మీద తల ఉంది. అంతవరకు చూసుకుని వెనక్కి వచ్చింది.

పన్నెండున్నరకు మైకు పలికింది. ఈసారి గొంతు వేరు, ఒక్కొక్క మాట నిలబెట్టి చదివింది. శివప్రకాశం, ఆరొందల పన్నెండు. రాజమాణిక్యం, ఆరొందల పదకొండు. "ఒరు వాక్కు విత్తియాసత్తిల్" అని రెండుసార్లు చెప్పింది. ఒక్క ఓటు తేడాలో.

తక్కెడ వాళ్ళ వైపు టపాకాయలు పేలాయి. అలిమేలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఒక్కటా? ఒక్క ఓటుకా అక్కా?"

పుష్పవల్లి కూర్చుంది. జీపు షెడ్డులోనే ఉంటుంది. పూలు కట్టరు. రాత్రికి వాడు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటాడు, తను రసం కాస్తుంది. ఆమెకు నవ్వు రాబోయింది. అప్పుడు ఎడమచేతి వేలి మీద నిన్నటి ఇంకుగీత కనిపించింది. దాని మీద విభూతి దుమ్ము పడి బూడిదరంగుకు తిరిగింది, పోలేదు. ఒక్క ఓటు. ఆ చెయ్యి కొంగు కిందికి పోయింది.

"మాలలు వేస్తారంట, చూసొస్తా," అని అలిమేలమ్మ లేచిపోయింది.

జయరామ్ అంగడి ముందు వైపు నుంచి రాలేదు. సందులోంచి వచ్చి, అలిమేలమ్మ కూర్చున్న చోట ఎదురుగా కూర్చున్నాడు. చొక్కా ఇంకా దోపుకునే ఉన్నాడు. జేబు మీద గుండుసూది ఉంది, పాసు లేదు. ఒంటి మీద ఎక్కడా దెబ్బలేదని ఆమె ముందు చూసుకుంది.

"మజ్జిగన్నం ఉంది. తింటావా?"

"వద్దు మా."

"పోతే పోయిందిలే నాయనా. ఐదేండ్లకి మళ్ళీ వస్తాది. ఆయన పెద్దమనిషి, ఏమీ అనుకోడు."

వాడు బుట్టలోంచి ఒక పొట్లం తీసుకున్నాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చూపుడువేలి గోటితో కొస ఎత్తి విప్పాడు. విభూతి నొసట పూసుకున్నాడు. చేతిలో కాగితం గీతలుగీతలుగా మిగిలింది.

"అమ్మా, ఈ మడత ఇంకెవురికన్నా వచ్చునా?"

ఆమెకు అర్థం కాలేదు. "అలిమేలు నేర్చుకుంటానని పట్టింది. దానికి ఓపిక యాడుంది?"

"అంటే నీకే వచ్చు."

"నాకే. ఏమి?"

వాడు అంగడి గోడ వైపు చూస్తూ చెప్పాడు. గొంతు పెంచలేదు.

"చివరి కట్టలో ఒక ఓటుచీటీ విప్పేదానికి ఆ సారుకి రాలేదు. రెండుసార్లు లాగినాడు. ఎవురో మురుగన్ ప్రసాదం వేసినారని అందరూ నవ్వినారు. పొట్లాలు కట్టే ఊరు గదా, ఎవుత్తో అలవాటుగా మడిచింది అన్నారు. సారు గోటితో కొస ఎత్తినాడు."

పుష్పవల్లి చేతులు ఒళ్ళోకి జారాయి.

"ముద్ర తక్కెడ మీద ఉంది. మడిచేటప్పుడు ఇంకు తడి ఆరలేదు, గొడుగు మీద కూడా అంటుకొనింది. రెండు ముద్రలు, చెల్లదని మావోళ్ళు పట్టుబట్టినారు. సారు వెలుతురికి పెట్టి చూసినాడు. ముద్రలో బాణాలు ఉంటాయి మా. అంటుకునిన దాంట్లో అవి తిరగబడి ఉంటాయి. తక్కెడ మీద ఉండేదే అసలు ముద్ర, చెల్లుతాది అన్నాడు. అప్పటికి ఇద్దరికీ ఆరొందల పదకొండు."

"చెల్లకపోతే?"

"ఇద్దరి పేర్లూ రాసి చీటీ ఎత్తేవాళ్ళు. సగం సగం."

సందులో ఎవరో పరుగెత్తిపోయారు. మాలలు, మాలలు అని అరుస్తున్నారు. జయరామ్ చొక్కా జేబులోంచి ఏదో కాగితం తీసి, చేతులు ఊరికే ఉండలేనట్టు ఒళ్ళో పెట్టుకుని దాన్ని వేళ్ళతో కదిలిస్తున్నాడు. ఆమె వాడి చేతులు చూడలేదు. మొగాన్నే చూస్తోంది.

"సారు చివరికి అడిగినాడు, ఇంకేమన్నా చెప్పుకునేది ఉందా అని. వకీలు మాకు ముందే చెప్పి ఉండినాడు మా. ఓటు వేసింది ఎవురో తెలిసిపోయేట్టు చీటీలో గుర్తుంటే ఆ ఓటు చెల్లదని. అందరూ నా మొగం చూసినారు. ఏజెంటు నేను గదా."

"ఏం చెప్పినావు?"

"ఏం లేదు సార్ అన్నా. సంతకం పెట్టినా."

"మీ నాయన గెలిచినోళ్ళ లైటు మోసినాడు నాయనా."

"తెలుసు మా."

"నువ్వు ముందర తోలతానంటివి. అదే మలుపు."

"తెలుసు. నువ్వు ఎందుకు వేసినావో ఆ ముద్ర చూస్తానే నాకు తెలిసిపోయింది." వాడు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. కోపం లేదు. దానికే ఆమెకు భయం వేసింది. "చెప్పుండొచ్చు. ఎట్ల తెలుసు, ఎవురిదని అడిగేవాళ్ళు. పేరు చెప్పాలి. చెప్తే మావోళ్ళు తాగేసి మన ఇంటి మిందికి వచ్చేవాళ్ళు. నువ్వొక్కదానివే ఉంటావు. నీ కడుపునే పుట్టినా గదా, చెడ్డదే ముందర తోచింది."

"నేను పోయి ఆయన కాళ్ళు పట్టుకుంటా. నేనే వేసినానని చెప్తా."

"చెప్పొద్దు. చెప్తే నేను నోరు మూసుకునిందానికి అర్థం లేకుండా పోతాది." ఒళ్ళోని కాగితాన్ని తిరగేశాడు. "ఆయన బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చినాడు మా. 'నువ్వు చేయాల్సిందంతా చేసినావురా' అన్నాడు. ఆ చేత్తో రేపు ఆయన జీపు ఎట్ల తోలాల? తాళంచెవి ఇచ్చేసినా."

"ఇచ్చేసి?"

"అంబత్తూరులో మన ఊరి సుందరరాజులు ఉండాడు గదా, లేతు మిషన్లు పెట్టుకొని. పనికి రమ్మని ఏడాదిగా అంటా ఉండాడు. తిరువళ్ళూరు దాకా బస్సులో పోయి కరెంటు రైలెక్కితే సాయంత్రానికి చేరిపోతా."

పుష్పవల్లి ఎన్నో తలచుకుంది. రాయి, కత్తి, సోడాసీసా, లాఠీ, పగిలిన అద్దం. నెలరోజులుగా ఒక్కొక్కటే తలచుకుని, ఒక్కొక్కదానికి మొక్కు కట్టింది. కొడుకు ఎదురుగా చల్లగా కూర్చుని బస్సు పేరు చెప్తాడని మాత్రం తలచుకోలేదు. దానికి మొక్కు కట్టలేదు.

"ఎప్పుడొస్తావు?"

"వస్తా మా. కొంచెం నాళ్ళు పోనీ."

"కరెంటు రైల్లో తలుపు దగ్గర నిలబడొద్దు."

వాడు నవ్వాడు. వాడి నాయన లాగే, పెదవి ఒకవైపే. "నిలబడను."

"లేతు మిషను దగ్గర చొక్కా చేతులు మడుచుకో. బట్ట పట్టుకుంటే లాగేస్తాది."

"సెరి మా."

లేస్తూ ఆమె బుట్ట మీదికి వంగాడు. "ఒకటి తీసుకుంటా" అని ఒక పొట్లం జేబులో వేసుకున్నాడు. మజ్జిగన్నం డబ్బా ఆమె బలవంతాన చేతిలో పెడితే కాదనలేదు. బస్టాండు దాకా ఆమె వెంట వచ్చింది. తిరువళ్ళూరు బస్సు బయలుదేరబోతోంది. వాడు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె కిటికీ కమ్మీ పట్టుకుంది, పొద్దున చొక్కా అంచు పట్టుకున్నట్టే. కండక్టరు విజిలు వేస్తే వదిలింది. బస్సు పోయాక కమ్మీ మీది మసి వేళ్ళకు అంటి ఉంది. తుడుచుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు శివప్రకాశం ఊరేగింపు ఎదురైంది. డప్పులు, మాలలు, ట్రాక్టరు. ఎవరూ రాయి వేయలేదు. ఎవరూ ఎవరినీ తిట్టలేదు. గొడుగు వాళ్ళు అరుగుల మీద కూర్చుని బీడీలు కాలుస్తూ చూస్తున్నారు. ఒకడు చెయ్యి కూడా ఊపాడు. పుష్పవల్లి గోడకు ఆనుకుని, చివరి మనిషి దాటిపోయేదాకా నిలబడి చూసింది.

బోర్లించిన బుట్ట కింది విభూతిని జల్లించి పక్కన పెట్టింది. అలిమేలమ్మ తిరిగి వచ్చి మాలల లెక్క, లడ్ల లెక్క చెప్తూ కూర్చుంది. జయరామ్ ఏడని అడిగితే "పనిమీద పోయినాడు" అంది. మళ్ళీ పొట్లాలు కట్టింది. వెనకటి వేగం రాలేదు. మూడుసార్లు కొస దోపకుండానే బుట్టలో వేసి, మళ్ళీ తీసి దోపింది.

సాయంత్రం బస్సు వేళకు శెట్టి కట్టలు కట్టమన్నాడు. నూరేసి పొట్లాలు ఒక కట్ట. పొద్దున శెట్టి నూర్ల లెక్కన ఇచ్చిన కాగితాలన్నీ అయిపోయాయి. ఆమె గచ్చు మీద పోసి నూర్లు చేసుకుంటూ వచ్చింది. వాడు ఒకటి విప్పి పూసుకున్నాడు, ఒకటి జేబులో వేసుకుని పోయాడు. రెండు తగ్గాలి. ఒకటే తగ్గింది.

మళ్ళీ లెక్కపెట్టింది. ఒకటే.

ఆఖరి కట్టలో ఒక పొట్లం వేలికి తేలికగా తగిలింది. తిప్పి చూసింది. అందులో విభూతి లేదు. కాగితం నోటీసు కాదు, మందంగా ఉంది. ఒక మూలన ఊదారంగు సీలు సగం, జయరామ్ పేరులో మొదటి రెండు అక్షరాలు. పొద్దున జేబుకు గుచ్చుకున్న ఏజెంటు పాసు.

పదేళ్ళ వయసులో వాడు బడి లేని రోజుల్లో వచ్చి ఆమె పక్కన కూర్చుని పొట్లాలు కట్టేవాడు. వాడిది ఎడమచేతి వాటం. ఆమె కొస ఎడమకు దూరితే వాడిది కుడికి దూరేది. "ఎడమచేతి విభూతి అమ్మితే నా అంగడికి ఎవురొస్తారు?" అని శెట్టి ఏరి అవతల పారేసేవాడు. శెట్టి చూడనప్పుడు ఆమె వాటిని విప్పి, తన చేత్తో మళ్ళీ కట్టి బుట్టలో కలిపేసేది.

"అయిందా పుష్పవల్లీ? బస్సొస్తాది," అన్నాడు శెట్టి లోపల్నుంచి.

"అయింది అన్నా."

ఆమె ఆ పొట్లాన్ని విప్పలేదు. తిరిగి కట్టలేదు. గచ్చు మీద, తను కూర్చునే గుంటలో పెట్టి, చీపురు అందుకుని దాని చుట్టూ ఊడ్చింది. విభూతి దుమ్ము అణిగిన నున్నటి గుంటలో ఆ చిన్న పొట్లం ఒక్కటే ఉంది, కొస కుడివైపుకు దూరి, సరిగ్గా దోపక కొంచెం పైకి నిక్కి.